చిరుతను దూరంగా వదిలేస్తే పోదా? విశాఖలో నన్ను అడిగేవి: అపోహలు – వాస్తవాలు

నేను చదివింది జీవావరణ శాస్త్రం. మా ఇంట్లోవాళ్ళ మాటల్లో చెప్పాలంటే "కొండల మీద కెమెరాలు కట్టి, బీచ్‌లో చచ్చిన తాబేళ్ళను లెక్కపెట్టే ఉద్యోగం". కంబాలకొండ, సింహాచలం కొండలు, సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా తీరం, ఇదే నా తిరుగుడు. పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నా, ఎంవీపీ కాలనీ రైతు బజార్లో వంకాయలు ఏరుతున్నా ఎవరో ఒకరు పట్టుకుని అవే ప్రశ్నలు అడుగుతారు. వాటిలో సగం ప్రశ్నలు కూడా కావు, "మీ డిపార్ట్‌మెంటు వాళ్ళు ఇలా చేస్తే పోదా?" అనే సలహాలు. నాకు డిపార్ట్‌మెంటు లేదు. అటవీ శాఖ పిలిస్తే వెళ్ళి సర్వే చేసిపెట్టే బయటివాణ్ణి. అపోహల్లో మొదటిది ఇదే అనుకోండి.

అపోహ: చిరుత ఊరి దగ్గర తిరుగుతుంటే పట్టుకుని దూరపు అడవిలో వదిలేస్తే సరి.

మధురవాడ, అడవివరం వైపు ఎవరి సీసీ కెమెరాలోనో మచ్చల జంతువు నడిచిందంటే చాలు, సాయంత్రానికల్లా "బోను పెట్టండి" అని వాట్సాప్ గ్రూపులు హోరెత్తిపోతాయి. నాకు పంపే వీడియోల్లో చాలావాటిలో ఉండేది అడవిపిల్లి, లేదంటే కుక్క. ఒక్కోసారి నిజంగానే చిరుత.

బోను మంచి ఉపాయమేనని ఒకప్పుడు మా రంగం కూడా నమ్మింది. మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో 2001 నుంచి చెరకు తోటల్లోని చిరుతల్ని పట్టి అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు ఆ లెక్కలన్నీ తీసి 2011లో ప్రచురించారు. తరలింపులకు ముందు మనుషుల మీద ఏడాదికి సగటున 4 దాడులు జరిగేవి. మొదలయ్యాక అవి 17 అయ్యాయి. జంతువుల్ని తీసుకెళ్ళి వదిలిన చోట్ల దగ్గర కూడా దాడులు పెరిగాయి.

ఎందుకంటే చిరుతకు తన ఇలాకా అంటూ ఒకటి ఉంటుంది. నీళ్ళెక్కడ, కుక్కలెక్కడ, మనుషులు ఏ వేళకు బయటికొస్తారు, అన్నీ దానికి తెలుసు. తెలుసు కాబట్టే మన కంట పడకుండా బతుకుతుంది. బోనులో పళ్ళు విరగ్గొట్టుకుని, బెదిరి, ముక్కూ మొహం తెలియని అడవిలో పడ్డ చిరుతకు ఇవేమీ తెలియవు. పైగా అక్కడ అప్పటికే ఇంకో చిరుత కాపురముంటుంది. ఇది సొంత చోటు వెతుక్కుంటూ నడుస్తుంది, నడిచే దారిలో ఊళ్ళుంటాయి. ఇక్కడ ఖాళీ అయిన చోటు కూడా ఊరికే ఉండదు, ఏ కుర్ర చిరుతో వచ్చి చేరుతుంది.

కంబాలకొండ అభయారణ్యం మొత్తం కలిపి 71 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కాలనీలు. మాంసం దుకాణాల వ్యర్థాలు అడవి అంచున పోస్తే కుక్కలు మరుగుతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. అందుకే కాలనీ సమావేశాల్లో నేను చెత్త గురించి, మేకల దొడ్డికి పైకప్పు వేయించడం గురించి మాట్లాడతాను. చాలామందికి నిరాశగా ఉంటుంది. బోను తెస్తే ఫొటో వస్తుంది, చెత్త ఎత్తితే రాదు.

అపోహ: గుడ్లను హేచరీలో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదిలితే తాబేళ్ళను కాపాడినట్టే.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ఆలివ్ రిడ్లే ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డుకెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. కుక్కలు పసిగట్టేలోపు ఆ గుడ్లు తీసి, కంచె వేసిన హేచరీలో మళ్ళీ పాతుతారు. దీపాలు, కుక్కలు, జనం నిండిన విశాఖ తీరంలో ఇది అవసరమే, కాదనను. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పినా, కుదిపినా పిండం చచ్చిపోతుంది. గుడ్ల బకెట్ బండి ముందు పెట్టుకుని గతుకుల్లో దూసుకుపోయే ఉత్సాహవంతులైన కుర్రాళ్ళను చూస్తే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

రెండోది వేడి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. సుమారు 29–30 డిగ్రీల దగ్గర సగం సగం పుడతాయి. వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్ళ మీద 2018లో వచ్చిన అధ్యయనంలో, ఇంకా ఈడు రాని తాబేళ్ళలో 99 శాతానికి పైగా ఆడవేనని తేలింది. అంటే హేచరీకి నీడ వల ఎప్పుడు కట్టాం, గుడ్లు ఎంత లోతున పాతాం అన్న చిన్న చిన్న విషయాలే ఒక తరాన్ని నిర్ణయిస్తాయి. "ఈ ఏడు ఇన్ని వేల పిల్లల్ని వదిలాం" అని బ్యానరు కడతారు. నేను మాత్రం ఇసుక ఉష్ణోగ్రతలు రాసిన పుస్తకం ఏదని అడుగుతాను.

ఇదంతా ఒక ఎత్తు, అసలు సంగతి ఇంకో ఎత్తు. 1987లో క్రౌజ్, క్రౌడర్, కాస్‌వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికా తీరపు లాగర్‌హెడ్ తాబేళ్ళను వయసు దశలుగా విడగొట్టి లెక్కకట్టారు. అప్పటిదాకా అందరి దృష్టీ గుడ్ల మీదే. వాళ్ళ లెక్కలో తేలిందేమిటంటే, గుడ్లూ పిల్లలూ నూటికి నూరు బతికినా సరే, ఎదిగిన, ఎదుగుతున్న తాబేళ్ళు వలల్లో చస్తూ ఉంటే సంఖ్య పడిపోతూనే ఉంటుంది. తాబేలు ఈడుకు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది మరి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక్క పెద్ద ఆడ తాబేలు శవం వెనుక ఎన్ని గూళ్ళు పోయాయో ఆలోచించండి.

ఆ శవాలు ఎక్కడివి? తాబేలుకు గాలి కావాలి. ట్రాలర్ వల గంటల తరబడి నీళ్ళడుగున ఈడుస్తుంటే అందులో చిక్కింది ఊపిరాడక చస్తుంది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్ళు ఒడ్డుకెక్కేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. అంటే మా నోటుబుక్కు శవాలతో నిండిపోయాక నిషేధం మొదలవుతుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. వల గొంతులో ఏటవాలుగా ఇనుప చట్రం బిగించి, పక్కన ఒక దారి ఉంచుతారు. రొయ్యలు చువ్వల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. మన వలలకు సరిపడేలా కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది కూడా. టెడ్ వాడటం లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. ఈ మాట హార్బరులో చెబితే జాలరిపేట పెద్దాయన ఒకాయన "దాంట్లోంచి చేప కూడా పోద్ది కదేటి బాబూ, డీజిల్ డబ్బులు మీరిత్తారా?" అన్నాడు. కొంత చేప జారిపోయే మాట నిజమే. ఆ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా జాలర్లను దోషుల్ని చేయడం నాకు నచ్చదు. సంరక్షణలో సగం పని జంతువులతో కాదు, ఇలాంటి లెక్కలతోనే.

అపోహ: ఎన్ని మొక్కలు నాటితే అంత అడవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక తెల్లారి మా వీధి గుర్తుపట్టలేకపోయాం. ఆ తర్వాత ఊరంతా మొక్కలు నాటాం, నేనూ నాటాను. రోడ్ల పక్కన వరుసగా పెట్టిన ఏడాకుల చెట్లు ఇప్పుడు పెద్దవై, చలికాలం మొదట్లో రాత్రిళ్ళు ఆ పూల ఘాటుకు కిటికీలు మూసుకుంటున్నాం. మన దేశపు చెట్టే, తప్పు చెట్టుది కాదు. ఒకే జాతిని వీధులకు వీధులు నాటడంలోనే ఉంది తప్పు.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే కథ. 2019లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది: 90 కోట్ల హెక్టార్లలో చెట్లు పెంచవచ్చు, అవి 205 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) కార్బన్‌ను పట్టి ఉంచగలవని. పేపర్ల నిండా అదే వార్త. కొన్ని నెలల్లోనే అదే పత్రికలో జోసెఫ్ వెల్డ్‌మన్, మరికొందరు శాస్త్రవేత్తలు ఆ కార్బన్ అంకె సుమారు ఐదు రెట్లు ఎక్కువని చూపించారు. గడ్డి మైదానాలను, చెట్లు సహజంగా పెరగని నేలలను కూడా "ఖాళీ స్థలం" కింద లెక్కవేయడం అందులో ఒక పెద్ద పొరపాటు.

ఆ పొరపాటు మనమూ చేస్తాం. భీమిలి దారిలో గడ్డీ పొదలూ ఉన్న ఎర్ర నేలను చూసి "బంజరు, ఏదైనా నాటొచ్చు" అంటాం. తీతువు, పూరేడు నేల మీదే గూడు పెట్టే పిట్టలు. వాటికి చెట్ల నీడ కాదు, ఆ గడ్డే ఇల్లు. వేల ఏళ్ళ నాటి ఎర్ర ఇసుక గుట్టలైన ఎర్రమట్టి దిబ్బల్లో మొక్కలు నాటుదామని ఒక సంస్థ వాళ్ళు ఒకసారి నన్ను పిలిచారు. అక్కడ గోతులు తవ్వడం అంటే గుడి రాతి మీద సుత్తితో కొట్టడమే అని చెప్పి ఇంకో స్థలం చూపించాను. మరి మళ్ళీ పిలవలేదు.

ఇక పచ్చగా ఉన్నదంతా అడవి కాదని చెప్పడానికి లాంటానా చాలు, మనవాళ్ళు తలంబ్రాల చెట్టు అంటారు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పులులుండే అడవుల్లో 40 శాతానికి పైగా దీని చేతిలో ఉన్నాయి. పైన నరికితే అడుగు నుంచి ఇంకా గుబురుగా వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్.బాబు బృందం చూపిన పద్ధతి వేరు: నేలకు కొన్ని సెంటీమీటర్ల కింద తల్లివేరు తెగ్గొట్టి, పొదను తలకిందులుగా పెట్టేయడం. తర్వాత ఆ చోట వెంటనే నాటు గడ్డి రావాలి. ఖాళీగా వదిలితే పికిలిపిట్టలు విత్తనాలు మళ్ళీ తెచ్చి వేస్తాయి. మొక్కలు నాటే కార్యక్రమానికి వచ్చేంతమంది దీనికి రారు లెండి.

అపోహ: కనబడలేదంటే లేదు.

2000ల మధ్య దాకా మన దేశంలో పులులను అడుగుజాడల అచ్చులు తీసి లెక్కపెట్టేవాళ్ళం. రాజస్థాన్ సరిస్కాలో కాగితం మీద పులులుండగానే అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడింది. తర్వాత పద్ధతి మారింది. పులి చారలు మనిషి వేలిముద్రల్లాంటివి. కెమెరాలో మొదటిసారి పడ్డవి ఎన్ని, మళ్ళీ పడ్డవి ఎన్ని అన్నదాన్ని బట్టి పడనివి ఎన్నో అంచనా వేస్తారు. 2022 లెక్కలో 3,682 అన్నది అందుకే ఒక సగటు. అసలు అంచనా 3,167 నుంచి 3,925 మధ్య.

ఇదే తర్కం చిన్న సర్వేకూ వర్తిస్తుంది. ఒక లోయలో అలుగు (పాంగోలిన్ అనే పొలుసుల జంతువు) ఉందనుకోండి. ఒక్కసారి వెళితే దాని జాడ దొరికే అవకాశం 30 శాతం అనుకుందాం. మూడుసార్లు వెళ్ళినా ఏమీ దొరక్కపోయే అవకాశం 34 శాతం ఉంటుంది. ఒక్క ఆదివారం తిరిగొచ్చి "ఇక్కడ వన్యప్రాణులు లేవు" అని రాసిన నివేదికలను నేను నమ్మనిది ఇందుకే. కట్టడాలకు అనుమతుల కోసం రాసేవైతే అసలే నమ్మను.

అపోహ: సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించాయి.

అంతరించలేదు. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం పెద్ద నగరాల్లో తగ్గినా, దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు స్థిరంగానే ఉన్నాయి. టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. మన ఇళ్ళకు చూరు పోయింది, వాకిట్లో బియ్యం ఏరడం పోయింది. పూర్ణా మార్కెట్లో ఒక పూట నిలబడి చూడండి, కొట్ల ముందు ఎన్ని ఎగురుతున్నాయో.

అపోహ: మన గిరినాగుకు "కళింగ" అని కొత్త పేరు పెట్టారు.

2024లో గిరినాగును ఒకటి కాదు, నాలుగు జాతులని తేల్చారు. అందులో ఒకదాని పేరు కాళింగ. మనది కళింగ దేశం కదా అని నాకు అభినందనలు పంపినవాళ్ళున్నారు. అది కన్నడ పేరు, పడమటి కనుమల పాముది. మన తూర్పు కనుమలవి పాత పేరుతోనే, ఉత్తరాది జాతి కిందే ఉన్నాయి. పేరు కంటే ముఖ్యమైనది ఇంకోటుంది: మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు తయారైంది, గిరినాగుకు కాదు. దాన్ని పట్టుకుని సెల్ఫీ దిగే వీరులు ఇది వినాలి.

అపోహ: ఇదంతా శాస్త్రవేత్తల పని, మనవల్ల కాదు.

2023 నాటి పక్షుల నివేదిక 942 జాతుల గురించి చెప్పగలిగిందంటే, దాదాపు 30 వేలమంది మామూలు మనుషులు పంపిన 3 కోట్ల నమోదులు దాని వెనుక ఉన్నాయి. మన బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళు ఎందరో. చచ్చిన తాబేలు కనబడితే చోటు, తేదీ, చిప్ప పొడవు రాసి, ఫొటో తీసి, చిప్ప మీద కాస్త రంగు పూయండి. రేపు ఇంకొకరు దాన్నే మళ్ళీ లెక్కపెట్టకుండా ఉంటుంది. ఏమీ కనబడని రోజు కూడా తేదీ వేసి "సున్నా" అని రాయండి. కిందటేడు ఒక రిటైర్డ్ మాస్టారు ఇచ్చిన డైరీలో వరసగా పంతొమ్మిది రోజులు సున్నాలే. "పనికిరాదేమో అనుకున్నానండీ" అని మొహమాటపడుతూ ఇచ్చారు. ఆ సున్నాలు లేకపోతే ఇరవయ్యో రోజు ఒక్కసారే ఒడ్డుకొచ్చిన ఆరు శవాలకు అర్థమే ఉండేది కాదు.