కట్టల్లో వెతుకులాట: ఈ-ఆఫీస్ రికార్డుల శోధనపై అపోహలు - వాస్తవాలు

ఒక అర్జీ తపాలులో వస్తుంది. దానికి నంబరు పడుతుంది, నోట్ (ఫైలు మీద సిబ్బంది, అధికారులు రాసే వ్యాఖ్యలు) నడుస్తుంది, తహసీల్దారు నుంచి నివేదిక వస్తుంది, ఆర్‌డీఓ కార్యాలయానికి మెమో వెళుతుంది, చివరికి ఉత్తర్వు వెలువడుతుంది. ఇవన్నీ విడివిడి పత్రాలే అయినా ఒకే వ్యవహారానికి చెందినవి కనుక ఒక కట్టగా ఉండాలి. కాగితం రోజుల్లో ఆ కట్టను దారం పట్టి ఉంచేది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) ప్రభుత్వ కార్యాలయాల కోసం రూపొందించిన ఎలక్ట్రానిక్ ఫైళ్ల వ్యవస్థ ఈ-ఆఫీస్‌లో ఆ పనిని ఫైలు నంబరు, కంప్యూటర్ నంబరు, లింకులు, మనం నింపే మెటాడేటా (సబ్జెక్టు, తేదీ, జిల్లా వంటి వివరాలు) చేస్తున్నాయి. ఇలా కట్టలుగా ఉన్న రికార్డులలో వెతకడం గురించి కార్యాలయ సెక్షన్లలోనూ శిక్షణ తరగతుల్లోనూ తరచుగా వినిపించే నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. కార్యాలయాన్ని బట్టి, వాడుతున్న వెర్షన్‌ను బట్టి తెరలు మారుతుంటాయి కాబట్టి ఏ బటన్ ఎక్కడుందనే జోలికి పోకుండా, శోధన ఎలా పనిచేస్తుందన్న దానికే పరిమితమవుతాను.

అపోహ: ప్రధాన ఫైలు దొరికిందంటే దానికి సంబంధించినవన్నీ దొరికినట్లే.

ప్రధాన ఫైలు ఎవరో ఒక అధికారి దగ్గర పరిశీలనలో ఉండిపోయి, ఈలోగా అత్యవసరమైన లేఖ మీద చర్య తీసుకోవలసి వచ్చినప్పుడు పార్ట్ ఫైలు తెరుస్తారు. ఫైలు మరీ పెద్దదైపోతే మరో వాల్యూమ్ మొదలవుతుంది. రెండు ఫైళ్లలోని అంశాలు విడదీయలేనంతగా ముడిపడి, కలిపి నిర్ణయించవలసినవైతే వాటిని లింక్ చేస్తారు. పాత నిర్ణయం చూసుకోవడానికి మాత్రమే ఒక ఫైలును జతపరచి పంపడం వేరే సంగతి. ఇవి నాలుగు వేర్వేరు సంబంధాలు. శోధన వాటన్నిటినీ ఒకే విధంగా చూపించదు. పార్ట్ ఫైలు నంబరులో సాధారణంగా ప్రధాన ఫైలు నంబరే కొనసాగుతుంది కాబట్టి నంబరులో కొంత భాగం ఇచ్చి వెతికినా తగులుతుంది. లింక్ చేసిన ఫైలుకు నంబరు వేరు, సబ్జెక్టు వేరు, ఒక్కోసారి సెక్షను కూడా వేరు. ప్రధాన ఫైలు తెరిచి లింకుల జాబితా చూస్తే తప్ప అది బయటపడదు. ఇక ఎవరూ లింక్ చేయకుండా వదిలేసిన ఫైలు సంగతి చెప్పనక్కరలేదు.

కాగితపు ఫైలు కవరు మీద పూర్వ సూచన, తదుపరి సూచన అనే గళ్లు ఉండేవి. టాటెన్‌హామ్ పద్ధతి (కాగితపు ఫైళ్ల నిర్వహణకు పాత విధానం) పాటించిన కార్యాలయాల్లో ఒక విషయానికి మొదట పడిన కరెంటు (వచ్చిన లేఖ) నంబరు కిందనే తరువాతి ఉత్తరప్రత్యుత్తరాలన్నీ పర్సనల్ రిజిస్టరులో నమోదయ్యేవి. తెర మీద ఆ గళ్లను ఖాళీగా వదిలేయడం చాలా తేలిక, తర్వాత ఆ ఖాళీని పూరించడం దాదాపు అసాధ్యం. నా దృష్టిలో, ఈ-ఆఫీస్‌కు మారినప్పుడు మనం పోగొట్టుకున్న మంచి అలవాటు ఆ గళ్లు నింపడమే.

అపోహ: ఎక్కువ పదాలు ఇస్తే ఫలితం మరింత కచ్చితంగా వస్తుంది.

నిజానికి కట్టల విషయంలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఒక ఫైలు లోపలికి వెళ్లి చూడాలి. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతంలో ఒక గ్రామానికి సంబంధించిన భూసేకరణ ఫైలు తీసుకుందాం. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్, సెక్షన్ 19 కింద డిక్లరేషన్, సెక్షన్ 23 కింద అవార్డు (పరిహారాన్ని నిర్ణయించే ఉత్తర్వు) వస్తాయి. ఇవి మూడూ ఒకే ఫైలులో ఉన్నా మూడు వేర్వేరు పీడీఎఫ్‌లు. సర్వే నంబర్ల పట్టిక నోటిఫికేషన్‌కు అనుబంధంగా ఉంటుంది. పరిహారం చెల్లింపుపై చర్చ నోట్‌లో ఉంటుంది. రైతు పెట్టుకున్న అభ్యంతరం మరో రిసీట్‌గా (అందిన లేఖగా నమోదై) వచ్చి చేరుతుంది.

ఇప్పుడు '125/2', 'అభ్యంతరం', 'చెల్లింపు' అనే మూడింటినీ ఒకేసారి ఇచ్చి వెతికారనుకోండి. చాలా వ్యవస్థల్లో సూచిక (ఏ పదం ఎక్కడుందో చూపే పట్టిక) ఒక్కో పత్రం స్థాయిలో తయారవుతుంది. అంటే మూడు పదాలూ ఒకే పత్రంలో ఉంటేనే అది ఫలితంగా వస్తుంది. మన ఫైలులో సర్వే నంబరు ఒక పత్రంలో, అభ్యంతరం ఇంకో పత్రంలో, చెల్లింపు మాట నోట్‌లో ఉన్నాయి. మూడు షరతులనూ ఫైలు మొత్తంగా తీరుస్తోంది, కానీ ఏ ఒక్క పత్రమూ విడిగా తీర్చడం లేదు. ఫలితం సున్నా. ఆ సున్నాను చూసిన గుమాస్తా ఫైలు లేదనుకుంటాడు, సూపరింటెండెంటుకు అదే చెబుతాడు.

దీనికి విరుగుడుగా పత్రాలన్నిటి పాఠ్యాన్నీ ఫైలు స్థాయికి చేర్చి సూచిక తయారుచేసే వ్యవస్థలూ ఉన్నాయి. వాటికీ ఒక ఇబ్బంది ఉంది. వందల పేజీల ఫైలులో 'అభ్యంతరం' అనే మాట వేరే రైతు గురించి వచ్చినా, 'చెల్లింపు' అనే మాట సర్వేయరు ప్రయాణ భత్యం గురించి వచ్చినా, ఫైలు ఫలితాల్లోకి ఎక్కేస్తుంది. అందుచేత ఫైలును పట్టుకోవడానికి ఒకటి రెండు స్థిరమైన ఆధారాలే ఇవ్వడం, అంటే గ్రామం పేరు, సంవత్సరం, కార్యాలయ సెక్షను వంటివి ఇవ్వడం, ఫైలు తెరిచిన తరువాత లోపలి పత్రాల్లో సర్వే నంబరు కోసం వెతకడం ఉత్తమం. రెండు అంచెల్లో జరగవలసిన పనిని ఒక్క గడిలో కుక్కితే రెండూ చెడతాయి.

సర్వే నంబర్ల విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. '125/2' అని ఇచ్చినప్పుడు కొన్ని శోధన యంత్రాలు ఏటవాలు గీతను పదాల మధ్య ఖాళీగా భావించి 125ను, 2ను విడివిడిగా వెతుకుతాయి. అప్పుడు 125 రూపాయల బిల్లు కూడా పైకి వస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఇస్తే చాలా వ్యవస్థలు ఆ వరుసనే వెతుకుతాయి. ఉపవిభాగం ఒక చోట '125/2ఎ' అనీ, మరో చోట '125-2ఎ' అనీ, ఇంకో చోట ఇంగ్లీషు అక్షరంతోనూ నమోదై ఉండవచ్చు కనుక మూడు విధాలుగానూ చూడక తప్పదు.

అపోహ: ఫలితం రాలేదంటే రికార్డు లేనట్లే.

సమాచార హక్కు దరఖాస్తులకు జవాబు రాసేవారు ఈ అపోహను ముందుగా వదిలించుకోవాలి. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 4(1)(ఎ), రికార్డులన్నిటినీ పట్టికలు, సూచికలతో సులువుగా అందుబాటులో ఉండేలా నిర్వహించడం ప్రభుత్వ సంస్థ బాధ్యత అంటోంది. సెక్షన్ 7(1) ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. శోధనలో సున్నా వచ్చిందన్న ఒక్క ఆధారంతో 'రికార్డు అందుబాటులో లేదు' అని రాయడం ప్రమాదకరం.

సున్నాకు కారణాలు అనేకం. మొదటిది అనుమతులు. వెతుకుతున్న వ్యక్తి హోదాకు, సెక్షనుకు చూసే హక్కు ఉన్న ఫైళ్లే ఫలితాల్లోకి వస్తాయి. దొరకనివి ఎన్ని ఉన్నాయో కూడా తెర చెప్పదు. ఉద్యోగి బదిలీ అయి కొత్త సీటులో చేరిన మరుసటి రోజు నుంచి తన పాత ఫైళ్లు మాయమయ్యాయని కంగారుపడేది అందుకే. రెండవది స్కానింగు. పాత ఫైళ్లను ఈ-ఆఫీస్‌లోకి ఎక్కించేటప్పుడు వందల పేజీల కట్ట మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా స్కాన్ చేసి, కవరు మీది శీర్షికను మాత్రమే సబ్జెక్టుగా నమోదు చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠ్యంగా మార్చే ప్రక్రియ) చేయని స్కాన్ యంత్రానికి బొమ్మే తప్ప పాఠ్యం కాదు. చేతిరాత నోట్‌ల విషయంలో ఓసీఆర్ చేసినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అటువంటి కట్టలకు లోపలి పత్రాల జాబితాను, తేదీ, పంపినవారు, పేజీ సంఖ్యలతో, ఒక మనిషి కూర్చుని తయారుచేయవలసిందే.

అపోహ: తెలుగులో వెతికితే దొరకదు, ఇంగ్లీషులోనే వెతకాలి.

యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ప్రామాణిక సంకేతాలిచ్చే పద్ధతిలో) ఉన్న తెలుగు పాఠ్యం ఇంగ్లీషులాగే సూచికకు ఎక్కుతుంది. కష్టమంతా యూనికోడ్ కాని పాఠ్యంతోనే. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పత్రం తెర మీద చక్కని తెలుగుగా కనిపించినా, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళమే. అందులో ఎంత వెతికినా 'పట్టాదారు' అనే పదం ఉండదు.

యూనికోడ్‌లోనూ జాగ్రత్తలు అవసరం. 'రామ్‌నగర్' అని రాసేటప్పుడు మకారపు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక విభజక సంకేతం ఉంటుంది. అది లేకుండా టైపు చేస్తే 'రామ్నగర్' అవుతుంది. మనకు రెండూ ఒకే ఊరు, పదాలను అక్షరాలా పోల్చే శోధనకు రెండు వేర్వేరు పదాలు. 'మైలవరం'లోని ఐత్వం కూడా రెండు రూపాల్లో నిల్వ కావచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వమూ దాని కిందికి వచ్చే గుర్తూ కలిసి రెండు సంకేతాలుగా. యూనికోడ్ ప్రమాణం ప్రకారం ఇవి సమానమే. అయితే సూచిక తయారుచేసే ముందు పాఠ్యాన్ని ఏకరూపంలోకి మార్చే అమరిక వ్యవస్థలో ఉంటేనే ఆ సమానత్వం పనికివస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమ్మకందారును ఈ రెండు ఊళ్ల పేర్లతో పరీక్షించమని నేను సలహా ఇస్తుంటాను. మెరిసే డాష్‌బోర్డుల కన్నా ఆ పరీక్ష ఎక్కువ చెబుతుంది.

పేర్ల సంగతి మనకు తెలిసిందే. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరులు, వెంకటేశ్వర రావు ఒకే మనిషికి మూడు కాగితాల మీద ఉండగలవు. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, మరో చోట పొడి అక్షరంగా ఉంటుంది. అందుకే మనిషి పేరుతో వెతకడాన్ని చివరి మార్గంగా పెట్టుకోవాలి.

అపోహ: జిల్లా పేరుతో వడపోస్తే ఆ జిల్లా ఫైళ్లన్నీ వస్తాయి.

చింతూరును చూడండి. భద్రాచలం డివిజనుతో పాటు ఆ ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాల బదిలీతో తిరిగి తూర్పు గోదావరికి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైంది. తెలంగాణ వైపు మేడారం 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో, ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగులో ఉంది. ఫైలు పుట్టిన రోజున ఏ జిల్లా ఉందో ఆ పేరే మెటాడేటాలో నిలిచిపోతుంది. అలా నిలవడమే సరైనది కూడా, ఎందుకంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి పరిధి ఆ నాటిదే. మార్చవలసింది వడపోత. గ్రామం పేరును ఆధారంగా తీసుకుని, జిల్లా గడిని ఖాళీగా వదిలి, తేదీల పరిధి ఇవ్వండి. ఆ గ్రామం ఏయే తేదీల్లో ఏయే జిల్లాలో ఉందో తెలిపే చిన్న పట్టిక ప్రతి రెవెన్యూ సెక్షన్‌లోనూ ఉండాలి.

అపోహ: 200 ఫలితాలు వచ్చాయంటే 200 వ్యవహారాలు.

కావు. అవి మూడు ఫైళ్లలోని రిసీట్లు, వాటి మీద తయారైన ముసాయిదాలు, పంపిన ప్రతులు కావచ్చు. ఫైలు వారీగా కట్టలు కట్టి చూపించే వీలుంటే ముందు ఆ ఎంపిక చేసుకోండి. లేకుంటే ఫలితాలను ఫైలు నంబరు క్రమంలో అమర్చండి. శాసనసభ ప్రశ్నలకు పెండింగు లెక్కలు పంపేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

అపోహ: కృత్రిమ మేధ వచ్చింది కనుక ఇక వర్గీకరణతో పనిలేదు.

అర్థాన్ని బట్టి వెతికే సాధనాలు 'పరిహారం' అని ఇస్తే 'నష్టపరిహారం', 'చెల్లింపు' ఉన్న పత్రాలనూ చూపగలవు, అది మంచిదే. కానీ ఒకేలా కనిపించే రెండు అవార్డుల్లో ఏది ఏ ఫైలుకు చెందుతుందన్నది అర్థానికి సంబంధించిన ప్రశ్న కాదు. అది నంబరుతో, లింకుతో తేలవలసిన విషయం.

అపోహ: శోధనకూ, ఫైలు మూసివేతకూ సంబంధం లేదు.

ఫైలును ఎంతకాలం ఉంచాలో తెలిపే తరగతిని మూసేటప్పుడు ఇస్తారు. కేంద్ర సచివాలయ విధానంలో శాశ్వతంగా ఉంచేవి ఏ, బీ తరగతులు. గరిష్ఠంగా పదేళ్ల వరకు ఉంచేవి సీ తరగతి. ప్రధాన ఫైలును శాశ్వత తరగతిలో మూసి, దాని పార్ట్ ఫైలును విలీనం చేయకుండా విడిగా సీ తరగతిలో మూస్తే, గడువు తీరాక కట్టలోని ఒక ముక్క నిబంధనల ప్రకారమే నాశనమవుతుంది. ఆ తరువాత శోధనలో ప్రధాన ఫైలు యథాతథంగా వస్తుంది, నోట్‌లో 'పార్ట్ ఫైలు చూడండి' అనే వాక్యం కూడా ఉంటుంది, ఆ పార్ట్ ఫైలు మాత్రం ఉండదు. కాబట్టి ఫైలు మూసే ముందు ఆ నంబరుతో ఒకసారి వెతికి, తెరిచి ఉన్న పార్ట్ ఫైళ్లను ప్రధాన ఫైలులో కలిపి, లింక్ చేసిన ఫైళ్ల తరగతిని సరిచూసి, ఆ సంగతి చివరి నోట్‌లో నమోదు చేయాలి.