క్రాన్‌టాబ్ పెట్టుకునే ముందు ఇది చదవండి

పిల్లలూ,

కాలేజీ లినక్స్ సర్వర్‌లో మీకు అకౌంట్లు ఇచ్చారని, ప్రాజెక్ట్ బ్యాకప్ దానంతటదే అయ్యేలా పెట్టుకోవాలని అడిగారు కదా, ఫోన్లో చెబితే సగం జారిపోతుందని ఇలా రాస్తున్నా.

ఆ పనికి వాడే క్రాన్ అనే ప్రోగ్రాం 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది, ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఉన్నది 1987లో పాల్ విక్సీ రాసినదాంట్లోంచి వచ్చిందే. అది నిమిషానికోసారి లేచి ఎవరి పనైనా ఉందా అని చూస్తుంది, ఉంటే చేసి పెడుతుంది. ఒక్కో యూజర్‌కి ఒక్కో లిస్టు, దాన్నే క్రాన్‌టాబ్ అంటారు, మీ లిస్టులో పని మీ పేరు మీదే నడుస్తుంది, మీ పర్మిషన్లు ఎంతవరకో అంతవరకే. అందుకే ఎవరో సులువని చెప్పారని రూట్ (మెషిన్ మీద అన్ని అధికారాలూ ఉండే అకౌంట్) లిస్టులో మాత్రం పెట్టకండి, అక్కడ స్క్రిప్టులో చిన్న తప్పు జరిగినా మొత్తం మెషిన్‌కే ముప్పు.

30 2 * * 1 అని రాసి పక్కన కమాండ్ ఇస్తే ప్రతి సోమవారం తెల్లవారుజామున రెండున్నరకి నడుస్తుంది. వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం, నక్షత్రం గుర్తు ఉన్నచోట ఏదైనా సరే అని అర్థం. ఆదివారానికి 0 పెట్టినా 7 పెట్టినా ఒకటే. కానీ తేదీ, వారం రెండూ ఇస్తే చాలామంది బోల్తా పడతారు, 0 6 13 * 5 అంటే పదమూడో తేదీ శుక్రవారమైతేనే అనుకుంటారు, కాదు, ప్రతి పదమూడునా నడుస్తుంది ప్రతి శుక్రవారమూ నడుస్తుంది. ఇంకోటి, సర్వర్ టైం యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో) ఉంటే మన టైంకి ఐదున్నర గంటలు వెనక, మీ రెండున్నర పని ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికి అవుతుంది, ముందు డేట్ కమాండ్ కొట్టి చూసుకోండి.

టెర్మినల్‌లో బాగా నడిచింది క్రాన్‌లో నడవట్లేదని అందరూ మొత్తుకుంటారు. క్రాన్ మీ బాష్ (టెర్మినల్‌లో మీ కమాండ్లు తీసుకునే ప్రోగ్రాం) సెట్టింగులేవీ చదవదు, కమాండ్ల కోసం అది వెతికే ఫోల్డర్ల లిస్టు చాలా చిన్నది, అందుకని కమాండ్‌కీ ఫైలుకీ పూర్తి పాత్, అంటే ఏ ఫోల్డర్‌లో ఉందో మొత్తం చిరునామా, రాయండి. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ రావాలని పర్సెంట్ గుర్తు వాడతారు చూడండి, క్రాన్‌టాబ్‌లో ఆ గుర్తు దగ్గరే లైను తెగిపోతుంది, దాని ముందు బ్యాక్‌స్లాష్ ఉండాల్సిందే. అవుట్‌పుట్‌నీ ఎర్రర్లనీ ఒక లాగ్ ఫైలుకి మళ్ళించండి, లేకపోతే పని ఆగిపోయి నెలైనా తెలీదు.

ఎడిట్ చేయడానికి క్రాన్‌టాబ్ మైనస్ ఇ (crontab -e), చూడటానికి మైనస్ ఎల్. మైనస్ ఆర్ కొడితే మాత్రం ఒక్క మాటైనా అడక్కుండా లిస్టంతా చెరిపేస్తుంది, కీబోర్డ్ మీద ఇ, ఆర్ రెండూ పక్కపక్కనే ఉంటాయి!! ఎడిట్ చేసే ముందు ప్రతిసారీ మైనస్ ఎల్ అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లో దాచండి.

రేపు మీరే అడ్మిన్లు అయితే రూట్‌గా మైనస్ యూ, యూజర్ పేరు ఇచ్చి ఎవరి లిస్టయినా చూడొచ్చు. క్రాన్ డాట్ డినై ఫైల్లో పేరు పెడితే ఆ మనిషి కొత్త పనులు పెట్టలేడు, పాతవి మాత్రం నడుస్తూనే ఉంటాయి, పాస్‌వర్డ్ మార్చినా ఆగవు. సీనియర్లు పాసై వెళ్ళిపోయాక వాళ్ళ లిస్టులు తెరిచి చూడండి, ల్యాబ్ అంతా ఆధారపడే బ్యాకప్ వాళ్ళ పేరు మీదే ఉండొచ్చు, అకౌంట్ తీసేముందు దాన్ని వేరే అకౌంట్‌కి మార్చండి.

మీ మొదటి లైను రాశాక నాకు పంపండి, చూసి చెబుతా.

ఆశీస్సులతో,
పెద్దనాన్న