గోడకు మూడు మీటర్లు, అక్షరానికి నాలుగు మిల్లీమీటర్లు

కంటి పరీక్ష చార్టును ఫోనులో తెరిచి, చేతిలో పట్టుకుని తెరమీది అక్షరాలన్నీ చదివేస్తే దూరపు చూపు బాగున్నట్టు కాదు. మైనస్ 2 పవర్ ఉన్న కంటికి అర మీటరు దాకా కళ్ళజోడు లేకుండానే స్పష్టంగా కనిపిస్తుంది. 40 సెంటీమీటర్ల దగ్గర ఆ కన్ను నూటికి నూరు తెచ్చుకుంటుంది, వచ్చే బస్సు బోర్డు మాత్రం చదవలేదు. చత్వారం వచ్చినవాళ్ల సంగతి దీనికి తలకిందులు. దూరపు చూపు నిక్షేపంలా ఉన్నా ఫోను ముందు తేలిపోతారు. అందుకే దూరపు చూపు చూసుకోవాలంటే ఫోనును చేతిలోంచి దించి గోడ దగ్గర నిలబెట్టాలి.

డచ్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో వేసిన లెక్క మీదే ఇవాళ్టి కంటి పరీక్ష యాప్‌లు కూడా నడుస్తున్నాయి. మామూలు చూపుకు గుర్తయిన 6/6 వరసలోని అక్షరం కంటి దగ్గర 5 నిమిషాల కోణం చేయాలి, దానిలోని ఒక్కో గీత 1 నిమిషం. నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. ఆ కోణాన్ని ఎత్తుగా మారిస్తే 6 మీటర్లకు 8.7 మిల్లీమీటర్లు, 3 మీటర్లకు 4.36, చేతి దూరమైన 40 సెంటీమీటర్లకు 0.58. అంగుళానికి 400 చుక్కలు (పిక్సెళ్లు) ఉండే ఫోను తెరమీద 0.58 మిల్లీమీటర్లంటే తొమ్మిదే చుక్కలు. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంలో మూడు గీతలు, రెండు ఖాళీలు. ఒక్కోదానికి నిండా రెండు చుక్కలు కూడా దక్కవు, అంచులు అలుక్కుపోతాయి. అదే ఫోను 3 మీటర్ల దూరంలో ఉంటే అక్షరానికి దాదాపు 70 చుక్కలు దొరుకుతాయి.

దూరం పెంచడానికి ఇంకో కారణం ఉంది. చార్టులో వరసకూ వరసకూ అక్షరం సుమారు 26 శాతం పెరుగుతుంది. చేతి దూరంలో 8 సెంటీమీటర్లు ముందుకు వంగితే చాలు, ఒక వరస ఉచితంగా వచ్చినట్టే. 3 మీటర్ల దగ్గర అదే లాభం రావాలంటే 60 సెంటీమీటర్లు ముందుకు జరగాలి, అది ఎవరికైనా తెలిసిపోతుంది. టేపుతో తెర నుంచి కంటి దాకా కొలవండి, కుర్చీ కాళ్ల దాకా కాదు.

తర్వాత అక్షరం ఎత్తు. చాలా చార్టులు తెరమీద ఏటీఎం కార్డు ఆనించి గీతను దానికి సరిపెట్టమంటాయి. ఏ బ్యాంకుదైనా కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఫోను నిలువుగా ఉంటే కార్డు అడ్డంగా పట్టదు, పొడవు వెంట ఆనించాలి. సరిపెట్టాక బ్రౌజరులో జూమ్ కదిలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. చివరగా స్కేలుతో ఒకసారి సరిచూడండి, కానీ చిన్న అక్షరాన్ని కాదు. 3 మీటర్ల చార్టులో 6/6 కన్నా పది రెట్లు పెద్దదైన 6/60 అక్షరం 43.6 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు దగ్గర అర మిల్లీమీటరు పొరబడినా అక్కడ ఒక శాతమే తేడా, 6/6 అక్షరం దగ్గర అదే పొరపాటు పది శాతం దాటుతుంది.

వెలుతురు పగటి గదిలా ఉండాలి, ఫోను వెనకవైపు కిటికీ ఉండకూడదు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, దానంతటది మారే సెట్టింగు ఆపేయండి. దూరానికి కళ్ళజోడు వాడేవాళ్లు పెట్టుకునే చూసుకోవాలి. మూసే కంటికి కళ్ళజోడు అద్దం వెనక మడిచిన గుడ్డ అడ్డం పెట్టండి. అరచేత్తో కన్ను నొక్కితే ఆ ఒత్తిడికి తెరిచాక కాసేపు మసకగా ఉంటుంది, రెండో కంటి ఫలితం పాడవుతుంది. కళ్లు చిట్లించకూడదు. రెండో కంటికి అక్షరాలు మారాలి, లేదంటే మనం చదివేది జ్ఞాపకాన్ని.

నాలుగు వైపులా తిరిగే ‘ఈ’ చార్టుకు ఇంగ్లీషు రానక్కర్లేదు, వేళ్లు ఎటో చూపిస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఉచితంగా ఇచ్చిన యాప్‌లోనూ, కెన్యాలో పరీక్షించి 2015లో క్లినిక్ చార్టుకు దీటుగా ఉందని ప్రచురించిన పీక్ అక్యూటీలోనూ ఉన్నది ఈ అక్షరమే. వరసలో ఐదుంటే కనీసం నాలుగు సరిగ్గా చెప్పినప్పుడే ఆ వరస దాటినట్టు లెక్క. ఊహించి నాలుగు కొట్టే అవకాశం 64లో ఒకటి. మూడు చాలనుకుంటే అది దాదాపు పదిలో ఒకటి.

తేదీ, దూరం, ఏ కన్ను, కళ్ళజోడుతోనా లేకుండానా అన్నది రాసిపెట్టుకోండి. ఒక వరస అటూఇటూ అయితే అది కొలతలో సహజమైన ఊగిసలాటే. రెండు వరసలు తగ్గినా, రెండు కళ్ల మధ్య రెండు వరసల తేడా ఉన్నా పట్టించుకోవలసిందే.

అలా తగ్గితే ఒక చవక పరీక్ష ఉంది. నల్లటి అట్టముక్కకు పిన్నీసుతో ఒక మిల్లీమీటరు చిల్లు పెట్టి, అందులోంచి అదే వరస చూడండి. తేటపడితే తేడా చాలావరకు పవర్‌ది, కళ్ళజోడుతో సరిపోతుంది. తేటపడకపోతే లోపం మరోచోట ఉండొచ్చు, కంటి డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్లాలి.

మైనస్ పవర్‌ను ఉజ్జాయింపుగా కనుక్కోవచ్చు కూడా. కళ్ళజోడు తీసి, ఒక కంటితో సన్న అక్షరాలను చూస్తూ ఫోనును మెల్లగా దూరం జరపండి. మసకబారడం మొదలైన చోటు కంటి నుంచి 40 సెంటీమీటర్లయితే, 100ని 40తో భాగించగా 2.5. ఇది సరదా లెక్కే, దీంతో కళ్ళజోడు ఆర్డరు చేయకండి. 25 సెంటీమీటర్ల దగ్గర 2 సెంటీమీటర్ల పొరపాటుకే పవర్ 4 నుంచి 4.35కు పోతుంది, ఇక సిలిండర్ పవర్ (ఒక్కో దిశలో ఒక్కో పవర్) ఉన్న కంటికి ఈ లెక్క నప్పనే నప్పదు.

కంటి లోపలి పొర రెటీనాలో నడిమి భాగం కోసం వాడే ఆమ్స్‌లర్ గళ్ల పటం 10 సెంటీమీటర్ల చదరం, ఒక్కో గడి 5 మిల్లీమీటర్లు. ఫోను తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లే కాబట్టి పట్టదు. ట్యాబ్‌లో చూడండి, లేదా ప్రింటు తీసుకోండి. చదివే కళ్ళజోడు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కో కంటితో నడిమి చుక్కనే చూడాలి. గీతలు వంకర పోయినా, గళ్లు మాయమైనా ఆలస్యం చేయకూడదు.

పిల్లల విషయంలో మాత్రం ఈ చార్టులను నమ్ముకోవద్దు. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కంటి కండరాన్ని బిగించి 6/6 చదివేస్తారు, చుక్కల మందు వేసి చూస్తే గానీ అది బయటపడదు. పెద్దవాళ్లలో నీటికాసులు పక్కచూపును తినేస్తూ నడిమి చూపును చివరిదాకా వదిలేస్తాయి. షుగరు వల్ల రెటీనా దెబ్బతింటున్నా చాలాకాలం 6/6 రావచ్చు. కాబట్టి షుగరున్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి, ఇంట్లో చార్టు ఏం చెప్పినా సరే. ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారినా, మెరుపులు కనిపించినా, నల్ల చుక్కలు గుంపుగా దిగినా, పక్కనుంచి తెర పడినట్టనిపించినా ఏ యాప్ తెరవక్కర్లేదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.