వీల్ స్టడ్ విరిగిందా? పాత స్పోర్ట్స్ కార్ల చుట్టూ తిరిగే అపోహలు

చెన్నైలో పాత ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్లు కొద్దిమందే. కానీ చక్రం స్టడ్ (చక్రం కూర్చునే హబ్‌లోంచి బయటికి వచ్చి, నట్ ఎక్కించుకునే మరల కడ్డీ) ఒకటి తెగిందంటే సలహాలకు కొదవ ఉండదు. బండి మా షెడ్‌కు చేరేలోపే పంక్చర్ షాపులో ఒకటి, పాత విడిభాగాలమ్మే పుదుపేటలో ఇంకొకటి వినేసి వస్తారు. తరచూ వినబడేవి ఇవి.

అపోహ: పాతబడింది కాబట్టి విరిగింది, కొత్తది వేస్తే సరి.

విరిగిన ముక్కను పారేయకుండా ముందు తెగిన చోటు చూడండి. ఒక పక్క నెలవంకలా తుప్పు రంగు, మిగతాదంతా తళతళ ఉంటే ఆ స్టడ్‌కు ఎప్పుడో పగులు వచ్చింది, మొన్న పూర్తిగా తెగింది. నట్లు వదులై చక్రం కదులుతూ ఉంటే ఇలా జరుగుతుంది. అదే చక్రానికి ఉన్న మిగతా స్టడ్లూ ఆ దెబ్బే తిని ఉంటాయి కాబట్టి అన్నీ మార్చాల్సిందే, ఒక్కటి మారిస్తే చాలదు. అలా కాకుండా మెడ సన్నబడి, మెలితిరిగి తెగితే మాత్రం ఎవరో అతిగా బిగించారు.

నట్లు ఎందుకు వదులవుతాయంటే, రెస్టోరేషన్ చేసి తెచ్చిన కార్లలో నాకు మొదటి అనుమానం పెయింట్ మీదే. హబ్‌కూ చక్రానికీ మధ్య మందంగా పెయింట్ ఉంటే, నడిచేకొద్దీ అది అణిగి బిగువు పోతుంది. చూపుకి ఎంత అందంగా ఉన్నా సరే, ఆ రెండు ముఖాలూ ఆనే చోట గీకేయండి. చక్రం ఎక్కించాక ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ టార్క్ (నట్‌ను తిప్పి బిగించే బలం) చూడండి.

అపోహ: ఎంత బిగిస్తే అంత భద్రం.

చక్రాన్ని మోసేది స్టడ్ కాదు, హబ్‌కూ చక్రానికీ మధ్య ఒరిపిడి. స్టడ్ స్ప్రింగులా కొంచెం సాగి ఆ రెండింటినీ అదిమి పట్టుకుంటుంది. హద్దు దాటి సాగదీస్తే ఇక వెనక్కి రాదు, పట్టూ పోతుంది. తొలి స్పిట్‌ఫైర్‌లకు స్టడ్ 3/8 అంగుళమే, దానికి 55 న్యూటన్ మీటర్లు చాలు. వైర్ వీల్స్ (సైకిల్ చక్రంలా పుల్లలున్నవి) లేని ఎంజీబీకి అర అంగుళం స్టడ్, దానికి 85 దాకా. ఈ కాలపు కార్లలో చాలావాటికి 100 దాటుతుంది. పంక్చర్ షాపు కుర్రాడి నట్లు బిగించే గన్‌కు ఈ తేడాలేవీ తెలియవు. 'గన్ వద్దు తమ్ముడూ, చేత్తో బిగించు' అని చెప్పి, బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచ్ డిక్కీలో పెట్టుకోండి.

అపోహ: నట్ ఎక్కితే స్టడ్ సరిపోయినట్టే.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. ఎంజీబీ అర అంగుళం స్టడ్ 12.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 మరలు. అంటే మరకీ మరకీ మధ్య 1.27 మిల్లీమీటర్లు. విడిభాగాల దుకాణాలుండే జీపీ రోడ్‌లో దొరికే 12 మిల్లీమీటర్ల జపాన్ రకం స్టడ్‌కు అది 1.25. దాదాపు ఒకటే కాబట్టి ఎంజీబీ నట్ దాని మీద హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మరలు ఒకదానిలో ఒకటి సగం కూడా దిగవు. బరువు పడ్డాక గీసుకుపోతాయి. చేత్తో నట్ అటూ ఇటూ ఊపి చూడండి, లొడలొడలాడితే వద్దు. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి, తల కింద హబ్‌ను పట్టుకునే పళ్లున్న భాగం కొలత కూడా చూడాలి.

అపోహ: లేత్‌లో చేయించుకుంటే దిగుమతి ఖర్చు తప్పుతుంది.

అంబత్తూరు లేత్ మాస్టర్లు అచ్చం అలాంటిదే చేసిస్తారు, వాళ్ల చేతి మీద అనుమానం లేదు. తంటా అంతా ఇనుముతోనే. మామూలు మైల్డ్ స్టీల్ 250 మెగాపాస్కల్స్ దగ్గరే సాగిపోతుంది, 10.9 గ్రేడ్ (గట్టి ఉక్కు) స్టడ్ 900 దాకా తట్టుకుంటుంది. విరిగినదానికి వెల్డింగ్ పెట్టడం మరీ దారుణం. ఆ వేడికి ఉక్కుకు పెట్టిన పదును దిగిపోతుంది.

అపోహ: సుత్తి ఉంటే చాలు, పది నిమిషాల పని.

హబ్ బండి మీదే ఉండగా సుత్తితో బాదితే ఆ దెబ్బ బేరింగ్‌కు తగులుతుంది. హబ్ విప్పి, ప్రెస్ కింద పెట్టి తీయడం మేలు. స్పిట్‌ఫైర్ వెనక హబ్ టేపర్ షాఫ్ట్ (చివరకు సన్నబడే ఇరుసు) మీద కూర్చుంటుంది, పుల్లర్ అనే లాగే పనిముట్టు లేకుండా కదలదు. మన వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆ కుటుంబమే కాబట్టి, ఆ బండి మీద చెయ్యి తిరిగిన పెద్దాయన దొరికితే వదలకండి. కొత్త స్టడ్‌ను వెనక నుంచి దూర్చి, ప్రెస్‌తో తల హబ్‌కు ఆనేదాకా దించాలి. అది హబ్‌లో ఊరికే తిరుగుతోందంటే రంధ్రం అరిగినట్టే. అక్కడ వెల్డింగ్ చుక్క పెట్టేవాళ్లున్నారు, అది వద్దు. హబ్ మార్చాలి, లేదా పళ్ల భాగం లావున్న స్టడ్ వేయాలి.

అపోహ: మరలకు ఆయిల్ రాస్తే మంచిది.

కారు మాన్యువల్ పుస్తకంలో టార్క్ మామూలుగా పొడి మరలకు ఇస్తారు. ఆయిల్ రాసి అంతే టార్క్ పెడితే స్టడ్ మరింత సాగుతుంది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలు.

అపోహ: నట్లన్నీ ఎడమవైపు తిప్పితే ఊడతాయి.

పాత క్రైస్లర్, డాడ్జ్ బళ్లకు ఎడమ పక్క చక్రాలకు మరలు తిరగేసి ఉంటాయి, అంటే కుడివైపు తిప్పితే ఊడతాయి. రాని నట్ మీద పైపు దూర్చి ఎగబడే ముందు స్టడ్ చివర తిరగేసిన మరకు గుర్తుగా 'ఎల్' అక్షరం ఉందేమో తుడిచి చూడండి.