బోరు అంటే మా దగ్గర నీళ్లు, మా తాత తుపాకిల సీసం

మా దేవరకొండ దిక్కు బోరు అంటే ఆరున్నర ఇంచుల బోరే. ఎన్ని ఫీట్లు ఏసినవ్, నీళ్లు పడ్డయా లేదా, అంతే ముచ్చట. అందుకే చిన్నప్పుడు మా తాత తన తుపాకి చూపించి "ఇది పన్నెండు బోరు రా" అంటే నాకు సమజ్ కాలె, ఇంత సన్న గొట్టానికి పన్నెండేందని. అది ఇంచులు కాదు, మిల్లీమీటర్లు గూడ కాదు. ఆ గొట్టంల సరిగ్గ పట్టే సైజుల సీసం గుండ్లు పోస్తే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, పన్నెండు గుండ్లు అయితయి, అదీ లెక్క. గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు వస్తది. ఎనిమిది బోరు అంటే పౌనుకు ఎనిమిదే గుండ్లు. నాలుగు బోరు అంటే ఒక్కొక్క గుండు 113 గ్రాములు, గొట్టం 26 మిల్లీమీటర్ల పైనే, బొటనవేలు పెడితే అటుఇటు ఆడుతది. నంబర్ తగ్గినకొద్దీ బోరు పెద్దగైతది, మోటార్ వైండింగ్ షాపుల రాగి తీగ గేజీ లెక్కనే. పాత ఇంగ్లీషు తుపాకులకు ఈ నంబర్ గొట్టం మీదనే ముద్ర కొట్టి ఉంటది.

తాతది బర్మార్. మూతి నుంచి మందు పోసి, పీచు కూరి, గుండో సీసం రవ్వలో ఏసి, కడ్డీతోని దట్టించి, ఎనక టోపీ (దెబ్బ పడితే నిప్పు పుట్టే చిన్న మూత) పెట్టి ఘోడా (ఆ టోపీని కొట్టే సుత్తి) ఎత్తాలె. తెలంగాణ సాయుధ పోరాటం టైంల నల్గొండ దళాల దగ్గర వడిసెలలు, గుత్పలతోపాటు ముందుగాల ఉన్నవి ఈ బర్మార్లే, అందుకే ముసలోళ్ల నోట్ల ఈ మాట ఇప్పటికీ ఉంటది. తాతకు మాత్రం పంట కాపలాకు లైసెన్స్ ఇచ్చిన్రు, పల్లి చేన్ల అడవి పందులు పడితే గుండు లేకుంట ఉత్త మందు పేల్చి బెదిరించేటోడు.

ఇగ అసలు ప్రశ్న, అప్పట్ల ఏనుగుల వేటకు నాలుగు బోరు అసొంటి లావు గొట్టాలు ఎందుకు పెట్టుకున్నరు? కారణం మందుల ఉంది. (ఇంగ్లీషుల బ్లాక్ పౌడర్ అంటరు, నల్లమందు అందామంటే మన దగ్గర అది అభిని అయితది, అందుకే తుపాకి మందు అనే అంట.) సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు ఒక హద్దు వరకే గుండును ఉరికించగలుగుతది, ఇంకింత పోస్తే పొగ, తన్ను ఎక్కువైతయిగని వేగం పెద్దగ పెరగదు. వేగం పెరగకపోతే దెబ్బ పెంచడానికి మిగిలిన దారి బరువు ఒక్కటే. లోపల గాట్లు లేని నున్న గొట్టంల గుండు గుండ్రంగనే ఉండాలె కాబట్టి పొడుగు చేసి బరువు పెంచే వీలు లేదు, వెడల్పే పెంచాలె. ఇక్కడ గణితం మంచి లాభం ఇస్తది, గోళం వెడల్పు రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలు అయితది.

ఆ లాభానికి బాకీ కట్టేది భుజం. 113 గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్లు పోతుందనుకుందాం, తుపాకి 5.7 కిలోలు, గుండు ముందుకు ఎంత ఊపుతోని పోతదో తుపాకి ఎనక్కి అంతే ఊపుతోని రావాలె, లెక్క కడితే సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు 28 కిలోమీటర్ల స్పీడుల 5.7 కిలోల దూలం వచ్చి గూడకు గుద్దినట్టు. ఇంకా మందు గ్యాస్ తన్ను ఇందుల కలపలే.

ఫ్రెడరిక్ సెలూస్ అనే ఇంగ్లీషు వేటగాడు 1871ల 19 ఏండ్ల వయసుల దక్షిణాఫ్రికాల దిగిండు, బర్మింగ్‌హామ్‌ల తయారైన నాలుగు బోరు నున్న గొట్టం తుపాకులతోని 1872 నుంచి 1874 దాకా 78 ఏనుగులను చంపిండు. తోలు సంచిల చెయ్యి పెట్టి పిడికెడు మందు తీసి పోసేటోడట, కొలత గిలత ఏం లేదు. ఒకసారి తుపాకి పేలలే, మందు లోపల్నే ఉన్నదని చూసుకోకుంట దాని మీద ఇంకో లోడ్ పడ్డది. ఆ తర్వాత పేలితే మనిషి లేచి పడ్డడు, తుపాకి భుజం మీదికెళ్లి ఎగిరి ఎనక పడ్డది. చావకుండ బతకడమే గొప్ప. మూతి నుంచి నింపే తుపాకికి ఇదే పెద్ద గండం, లోపల ఏముందో బయటికి కనపడదు. తాత కడ్డీ మీద కత్తితోని ఒక గీత గీసి పెట్టుకున్నడు, కడ్డీని గొట్టంలకు జారిడిస్తే ఆ గీత మూతికి సమానంగ ఆగితే ఖాళీ, పైకి నిలబడితే లోపల ఏదో ఉన్నట్టు.

నున్న గొట్టం ఇంకో తిరకాసు. గుండు గొట్టంకంటే కొంచెం చిన్నగుంటది, లేకపోతే దట్టించలేం, అందుకని గోడలకు తగులుకుంట వస్తది, ఏ గోడకు ఒరుసుకుంటే దాన్నిబట్టి తిరుగుతది. తిరిగే గుండు గాల్లో స్పిన్నర్ బాల్ డ్రిఫ్ట్ అయినట్టు పక్కకు పోతది, ఎటు పోతదో కొట్టేటోనికే తెల్వదు. దీన్ని కనిపెట్టిన ఇంగ్లీషు గణిత పండితుడు బెంజమిన్ రాబిన్స్ ఏం చేసిండంటే, తుపాకి గొట్టాన్ని కావాలనే ఎడమకు వంచిండు. గుండు మొదలు ఎడమకే పోయింది, పోయి పోయి కుడికి తిరిగింది! ఎందుకంటే వంపుల అది కుడి గోడకు ఒరుసుకుంది. కట్టె దిమ్మను ఊయల లెక్క ఏలాడదీసి, దానికి గుండు కొట్టి, ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టింది గూడ ఈయనే, 1742ల. ఆయన వాడింది గూడ పౌనుకు పన్నెండు గుండ్ల సైజే, అంటే మా తాత బోరే. ఇంత చేసిన మనిషి ఈస్టిండియా కంపెనీ కోటలు చూసుకోడానికి మన దిక్కు వచ్చి 1751ల కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటల జరమొచ్చి పోయిండు. గొట్టంల మర గాట్లు కోస్తే గుండు మనం చెప్పిన దిక్కే తిరుగుతది, సూటిగ పోతది. అయినా నున్న గొట్టాలు పోలే, ఎందుకంటే మసి పట్టినా వాటిల గుండు తొందరగ దిగుతది, రవ్వలు గూడ వేసుకోవచ్చు.

మసి అంటే మామూలు మసి కాదు. ఈ మందు కాలితే సగానికి పైగ గ్యాస్ కాకుంట బూడిద అసొంటి గట్టి పదార్థమే అయితది, కొంత పొగల పోయినా మిగిలింది గొట్టంలనే అంటుకుంటది, ఆ ఉప్పులు గాలిలని తేమ పీల్చి ఒక్క రాత్రిల ఇనుమును తుప్పు పట్టిస్తయి. తాత పేల్చిన రోజే నానమ్మ నీళ్లు కాగబెట్టేది, మరిగే నీళ్లు గొట్టంల పోస్తే కింద నల్లగ సిరా లెక్క కారేది, కుళ్లిన గుడ్డు వాసన, మేం ముక్కు మూసుకుని ఉరికేటోళ్లం. వేడికి గొట్టం దానంతట అదే ఆరేది, తర్వాత నూనె గుడ్డ.

అమెరికాల 1898 దాకా తయారైన తుపాకులు పాతవి కింద లెక్క, కొనుక్కొని కాగితం టార్గెట్ల మీద పేల్చుకుంటరు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేర్ చేసినా పేలని పాత తుపాకికే మినహాయింపు, పేలేదానికి లైసెన్స్ కావాలె, అదీ 2019 నుంచి మనిషికి రెండే. నన్నడిగితే ఇది మంచిదే, మీకు చూడాలని ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంల ఆయుధాల గ్యాలరీ ఉంది.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తాత తుపాకి స్టేషన్ల పెట్టి రసీదు తెచ్చుకునేటోడు. ఆయన పోయినంక నాన్న లైసెన్స్ తిరుగుడు పడలేక అప్పజెప్పేసిండు. చింతకాయలు రాల్చడానికి ఇప్పుడు మా అమ్మ వాడే కట్టె కడ్డీ ఆ తుపాకిదే, సగంకంటే పైన కత్తి గీత ఇంకా కనపడుతది.