ఫైబర్ బోటు కొంటున్నారా? పెయింటు కింద చూడాల్సినవి

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒడ్డున కర్ర తెప్పల చోటు చాలావరకు ఫైబర్ బోట్లు తీసుకున్నాయి. 2004 సునామీ తర్వాత ఆ మార్పు ఇంకా వేగం అందుకుంది. పేరుకు ఫైబరే గానీ, అది పాలియెస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్‌తో గాజుపోగు మ్యాట్‌ను తడిపి, అచ్చులో పొరలుగా పరిచి గట్టిపడనిచ్చిన సరుకు. బోటు మంచిచెడ్డలు ఆ పొరలు పరిచిన రోజే తేలిపోతాయి. రంగు పడ్డాక కంటికి తెలిసేది తక్కువ. అందుకే బేరంలో వినిపించే మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ముందే తెలుసుకోండి.

అపోహ: ఫైబర్ బోటు బోల్తా పడినా మునగదు.

కర్ర తెప్ప మునగదు, కర్రే నీటికన్నా తేలిక కాబట్టి. ఫైబర్ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. 350 కిలోల బోటు నిండా నీళ్లొస్తే, నీరు మోసింది పోను ఇంకా దాదాపు 117 కిలోలు కిందికి లాగుతూనే ఉంటాయి. దానికి ఇంజన్, వలలు తోడు. అప్పుడు బోటును పైన నిలబెట్టేది లోపల పెట్టిన ఫోమ్ ఒక్కటే. లీటరు ఫోమ్ దాదాపు కిలో బరువు ఎత్తుతుంది. ఇంత బోటుకు, 40 కిలోల ఇంజన్‌కు, వలలకు కలిపి 200 లీటర్లు పెట్టాలి. నలుగురు పట్టుకుని వేలాడాలంటే మరో 100.

ఫోమ్ ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. అంతా అడుగునే నింపితే నీళ్లు నిండిన బోటు తలకిందులై అలాగే ఉండిపోతుంది. రెండు పక్కలా, అంచు కింద, పొడవునా ఉండాలి. ఖాళీ గదులు కట్టి "గాలి పట్టి ఉంటుంది, చాలు" అనే వాళ్ల మాట నమ్మకండి. ఒక్క పగులు చాలు, ఆ గది నీళ్లతో నిండుతుంది. థర్మోకోల్ వాడితే దాన్ని మందపాటి పాలిథిన్‌లో చుట్టాలి, ఎందుకంటే రెజిన్ తగిలినా పెట్రోలు తగిలినా అది కరిగిపోతుంది. వెనక గదిలో పెట్రోలు కారుతూ ఉంటే కొన్నాళ్లకు లోపల మిగిలేది ఖాళీయే. డబ్బు పూర్తిగా చెల్లించే ముందు, కెరటం లేని కాలవలో, ఇంజన్ చోట అంత బరువు ఇసుక మూట కట్టి, బోటును నీళ్లతో నింపించి చూడండి. మనుషుల ప్రాణాలు దీనిమీదే ఆధారపడి ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: ఎంత మందమైతే అంత గట్టి.

బలం గాజుపోగుది. రెజిన్ దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. రెజిన్ దట్టంగా పోసి మందం చూపించవచ్చు, కానీ అలాంటి అడుగు ఒడ్డున కెరటం కొట్టి ఇసుకమీద పడేసినప్పుడు పగులుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర సుమారు 1 మి.మీ. వస్తుంది, 610 గ్రాముల రోవింగ్ (నేసిన గాజుబట్ట) 0.8 మి.మీ. దాకా. జెల్‌కోట్ (బయటికి కనిపించే నున్నటి రెజిన్ పూత) వెనక 300 మ్యాట్ ఒకటి, ఆపైన 450 మ్యాట్లు నాలుగు, వాటి మధ్య రోవింగ్ రెండు పడితే 6 మి.మీ. పైచిలుకు అడుగు వస్తుంది. అడుగు మధ్య పొడవునా సాగే కీల్ దగ్గర ఇంకా రెండు మూడు పొరలు ఎక్కువ పడాలి, రోజూ ఇసుకమీద ఈడ్చినప్పుడు అరిగేది అదే.

ఈ పొరల వరస కాగితం మీద రాయించుకోండి. డ్రెయిన్ రంధ్రం కోసినప్పుడు వచ్చిన ముక్కను అడిగి తీసుకోండి. దాన్ని తూచి, ఆరుబయట గాలివాలు చూసుకుని నిప్పుల్లో పూర్తిగా కాల్చితే (పొగ పీల్చొద్దు) రెజిన్ పోయి గాజు మిగులుతుంది. పొరలు విడదీసి లెక్కపెట్టొచ్చు. మసి దులిపి మళ్లీ తూచండి: పైన చెప్పిన వరసకు మొత్తం బరువులో 35 శాతం దగ్గర గాజు ఉండాలి. 25 వస్తే రెజిన్ పోసి మందం చేశారన్నమాట.

అపోహ: నిగనిగలాడితే మంచి పని.

జెల్‌కోట్ సరైన మందం 0.4 నుంచి 0.6 మి.మీ. అంతకు మించితే వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి. మెరుపు కన్నా రెజిన్ రకం అడగండి: మామూలు ఆర్థో రకం కన్నా ఐసో రకం ఉప్పునీటిని బాగా తట్టుకుంటుంది, పొక్కులు తక్కువ. తర్వాత రూపాయి బిళ్లతో బోటంతా తట్టండి. టకటకమనే చప్పుడు మధ్యలో ఎక్కడైనా మొద్దుగా మోగితే అక్కడ పొరలు విడిపోయినట్టు.

అపోహ: అచ్చులోంచి తీస్తే సముద్రంలోకే.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది ముగిసేలోపు బోటు కావాలని తొందరపెడితే హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) ఎక్కువ పడే ప్రమాదం ఉంది. మామూలు మోతాదు 1 నుంచి 2 శాతం. మండుటెండల్లో 1 దగ్గరే ఉంచాలి, లేకపోతే మరీ వేడెక్కి పొరలు పెళుసుబారతాయి. తీశాక కనీసం రెండు వారాలు నీడలో, వంకర పోకుండా ఆధారాల మీద ఆరనివ్వండి. ఎసిటోన్ తడిపిన గుడ్డతో లోపలి పక్క తుడిస్తే జిగురు తగలకూడదు.

అపోహ: ఇంజన్ తగిలించే వెనక పలకకు ఏ ప్లైవుడ్ అయినా ఒకటే, ఎలాగూ ఫైబర్ కప్పేస్తుంది.

బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది, లోపల చెక్క కుళ్లుతుంది, పైకి ఏమీ కనిపించదు. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్ వాడాలి, ప్రతి రంధ్రం లోపలా రెజిన్ పూయాలి. పలక ఎత్తు కూడా ఇంజన్ షాఫ్ట్‌కు సరిపోవాలి: 15 అంగుళాలా, 20 అంగుళాలా అన్నది బోటుకు ఆర్డరిచ్చే ముందే తేల్చుకోండి.

అపోహ: పాలిథీన్ అచ్చు బోటు కొంటే ఇక బెంగ లేదు.

రిజర్వాయర్లలో రాతి గట్ల మీద లాగడానికి అవి నిజంగా మంచివి, దెబ్బకు పగలవు, వాటంతట అవే తేలుతాయి. కానీ బరువు మోస్తూ ఎండలో ఉంటే వంగుతాయి, వెనక పలక ఊగుతుంది. చిల్లుపడితే రెజిన్ అంటుకోదు. అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగ్ చేయాలి. ఆ పని చేసేవాళ్లు దగ్గర్లో లేకపోతే తీసుకోవద్దు.

అపోహ: పగిలితే ఎం-సీల్ పెడితే సరి.

అది ఆ రోజుకి ఒడ్డు చేరడానికి మాత్రమే. ఫైబర్ పగులును మంచినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఆరబెట్టి, మందానికి 12 రెట్లు వెడల్పున వాలుగా గ్రైండ్ చేయాలి, 5 మి.మీ. అడుగుకు ప్రతి పక్కా 60 మి.మీ. ఆపైన చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క దాకా మ్యాట్ వేసుకుంటూ రావాలి. కోబాల్ట్‌ను (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయండి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట, పేలుడు.