షుగర్‌ని తగ్గించేది కత్తా, కరిగిన కొవ్వా?

కడుపును చిన్నది చేసి పేగుల దారి మార్చే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న షుగర్ పేషెంటుకు మూడు నాలుగు రోజులకే ఇన్సులిన్ డోసు బాగా తగ్గించాల్సి వస్తుంది. కొందరైతే మాత్రలు మానేసే ఇంటికి వెళతారు. అప్పటికింకా చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గి ఉండరు. అమెరికన్ సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో తన పేషెంట్ల ఫలితాలు ప్రచురించాక, పేగుల దారి మార్చడంలోనే ఏదో మహత్తు ఉందన్న నమ్మకం బలపడింది. ‘షుగర్‌కి ఆపరేషన్’ అని ఈరోజు కనిపించే ప్రకటనల వెనకున్నది ఆ నమ్మకమే. అందులో సగమే నిజం.

ఆపరేషన్ అయిన మొదటి వారం మనిషి తినేది రోజుకు మూడు నాలుగు వందల కేలరీలకు మించదు. కత్తి పెట్టకుండా అంత తక్కువ తిన్నా షుగర్ దిగుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ యూనివర్సిటీలో రాయ్ టేలర్ బృందం 2011లో ఈ సంగతి చూపించింది. టైప్-2 షుగర్ ఉన్న 11 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు 600 కేలరీలే ఇస్తే, మొదటి వారంలోనే పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, లివర్‌లో కొవ్వు 30 శాతం పడిపోయింది. 2020లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో శామ్యూల్ క్లైన్ బృందం ఇంకో అడుగు వేసింది. కేవలం ఆహారంతో బరువు తగ్గినవారినీ, బైపాస్‌తో తగ్గినవారినీ ఇద్దరూ దాదాపు 18 శాతం తగ్గేదాకా ఆగి అప్పుడు పోల్చింది. ఇన్సులిన్‌కి శరీరం స్పందించే తీరు, దాన్ని తయారుచేసే బీటా కణాల పనితీరు రెండు గుంపుల్లోనూ ఒకేలా మెరుగుపడ్డాయి. చిన్న అధ్యయనమే, గుంపుకి 11 మందే. కానీ ప్రశ్న సూటిది, జవాబూ సూటిగానే వచ్చింది.

లోపల జరిగేది ఇది. లివర్‌లో కొవ్వు పేరుకుంటే అది ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రాత్రంతా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున 160 ఎందుకొచ్చిందని అడిగేవాళ్లకు జవాబు అదే. మిగులు కొవ్వును లివర్ ట్రైగ్లిజరైడ్ల రూపంలో బయటికి పంపుతుంది, అందులో కొంత పాంక్రియాస్‌లో చేరి బీటా కణాలను మందగింపజేస్తుంది. తక్కువ తినడం మొదలుపెట్టగానే ముందు ఖాళీ అయ్యేది లివర్, దానికి రోజులు చాలు. పాంక్రియాస్‌కు వారాలు పడుతుంది. అందుకే పరగడుపు షుగర్ ముందు దారికొస్తుంది, తిన్న తర్వాతి షుగర్‌కి ఇంకొంత సమయం పడుతుంది.

మనవాళ్ల విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. ‘సన్నగానే ఉన్నావు కదా, నీకు షుగరేంటి?’ అని ఆశ్చర్యపోతుంటాం. చర్మం కింద దాచుకునే చోటు తక్కువైతే కొవ్వు తొందరగా పొట్టలోకి, లివర్‌లోకి దిగుతుంది. భారతీయుల్లో ఈ లక్షణాన్ని పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది. అందుకే మనకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచీ) 23 దాటగానే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. టేపు బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక పెట్టాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, చాలామంది దాన్ని పొట్ట కిందే కడతారు.

మరి ఆపరేషన్ ఎందుకు? బరువు తగ్గడం మొదటి ఏడాది పని, దాన్ని నిలబెట్టుకోవడం ఆ తర్వాత జీవితమంతా పని. తేడా అక్కడే వస్తుంది. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్ నుంచి బయటపడ్డారు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అది 86 శాతం. రెండో ఏడాదికి మొత్తం లెక్క 36 శాతానికి దిగింది, బరువు తిరిగొచ్చినవాళ్లకు షుగరూ తిరిగొచ్చింది.

దీన్ని సంకల్ప బలం లేకపోవడం అనేస్తే అన్యాయం. మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో, పది వారాల కఠిన ఆహారం తీసుకున్న 50 మందిని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది, చాలని చెప్పే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉంది. శరీరం పోయిన కొవ్వును అప్పు ఇచ్చిన షావుకారులా వసూలు చేసుకుంటుంది.

ఆపరేషన్ ఈ వసూలునే అడ్డుకుంటుంది. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో జీర్ణాశయం ఎడమ వైపు ఉబ్బెత్తు భాగాన్ని, దాదాపు 75 నుంచి 80 శాతం, స్టేపుల్ చేసి తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఆ పైభాగంలోనే. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్న పేగుకి కలుపుతారు. ఆహారం పేగు కింది భాగానికి తొందరగా చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు తిన్న వెంటనే ఎన్నో రెట్లు పెరుగుతాయి, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. ఇప్పుడు వస్తున్న వారానికోసారి ఇంజక్షన్లు అనుకరించేదీ ఆ హార్మోన్‌నే. ఇంజక్షన్ ఆపితే ఆకలి తిరిగొస్తుంది.

అయినా ఆపరేషన్ శాశ్వత హామీ కాదు. క్లీవ్‌లాండ్‌లో జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) 6 శాతంలోపు ఉన్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23, మందులతో మాత్రమే నెట్టుకొచ్చినవాళ్లలో 5. మందులకంటే ఎంతో మేలే, కానీ పదిమందిలో ఏడుగురు ఆ గీత కిందికి రాలేదు. షుగర్ వచ్చి పదేళ్లు దాటి, ఇన్సులిన్ మీద ఉండి, సీ-పెప్టైడ్ (శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పే కొలత) తక్కువున్నవాళ్లకు ఆశ కూడా తక్కువే. కాబట్టి ఆపరేషన్ గురించి మాట్లాడే ముందు సీ-పెప్టైడ్ పరీక్ష అడగాలి. ఖరీదు చూసి వదిలేసే పరీక్ష కాదది.

ఇక వంటింటి సంగతి. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే 800–1000 కేలరీల ఆహారం పెడతారు. కొవ్వు పట్టిన లివర్ ఎడమ తమ్మె జీర్ణాశయం మీద బరువుగా కూర్చుంటుంది, అది కుంచించుకుంటేనే సర్జన్‌కి చోటు దొరుకుతుంది. ఆ తర్వాత మొదటి రెండు వారాలు ద్రవాలే. 30 మిల్లీలీటర్ల కప్పుతో పావుగంటకోసారి పల్చటి మజ్జిగ, వడకట్టిన పెసరకట్టు, పాలు. తర్వాత మెత్తగా చేసినవి, ఆరేడు వారాలకు మామూలు తిండి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. రెండు గుడ్లు, వందగ్రాముల చికెన్, రెండొందల గ్రాముల పెరుగు, ఒక గ్లాసు పాలు, నలభై గ్రాముల పప్పు కలిస్తే ఆ లెక్కకు చేరుతుంది. మూడు ఇడ్లీల్లో ఉండేది ఐదారు గ్రాములే. ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. నీళ్లు అన్నంతో పాటు కాదు, అరగంట తర్వాత.

ఆర్నెల్లయ్యాక ఎక్కువమంది జారేది ఒకేచోట. చికెన్, రొట్టె గొంతులో పట్టేసినట్టుంటుంది, ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కట్ మాత్రం జారిపోతుంది. చిన్న కడుపు గట్టి తిండిని ఆపగలదు, నోట్లోనే కరిగేదాన్ని ఆపలేదు. రంజాన్ నెలలో హలీం కూడా ఇదే కోవ. అందులో మాంసం ఉంది, నిజమే, నెయ్యీ గోధుమలూ కూడా ధారాళంగా ఉన్నాయి, మెత్తగా ఉండటంతో గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. బైపాస్ వాళ్లు డబల్ కా మీఠా తింటే అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనాలు, మళ్లీ ఒకటి నుంచి మూడు గంటల్లో షుగర్ దారుణంగా పడిపోవడం ఉండొచ్చు.

ఆపరేషన్ అయినవాళ్లు ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకోకూడదు, కాల్షియానికీ ఐరన్‌కీ మధ్య రెండు గంటలు ఎడముండాలి. కాల్షియం కార్బొనేట్ కంటే సిట్రేట్ మేలు, చిన్నబోయిన కడుపులో ఆమ్లం తక్కువ. బీ12, విటమిన్ డీ జీవితాంతం. వాంతులు ఆగకుండా అవుతుంటే థయమిన్ (విటమిన్ బీ1) అడుగంటుతుంది. అప్పుడు అది ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు, పక్కవీధి క్లినిక్‌కి వెళ్లినా ‘నాకు బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్ అయింది’ అని ముందే చెప్పాలి. మొదటి రోజుల్లో విశ్రాంతిగా ఉన్నా నాడి 120 దాటితే, జ్వరం లేకపోయినా కుట్ల దగ్గర లీక్ అయిందేమో చూడాల్సిందే.

సొంతంగా డైటింగ్ చేసేవాళ్లకూ ప్రమాదాలున్నాయి. ఇన్సులిన్ విడుదలను పెంచే గ్లిమెపిరైడ్ మాత్ర మింగుతూ అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది. షుగర్‌ని మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందుల మీద ఉండి పిండి పదార్థాలు పూర్తిగా మానితే, మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మందులు డాక్టర్ సర్దాకే డైట్ మొదలుపెట్టాలి. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ల బెడద ఎక్కువ.

డబ్బు లెక్కలో ఒక చిక్కు. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాసులకు 27.5 బీఎంఐ నుంచే ఆపరేషన్ పరిగణించవచ్చంటున్నాయి. మన ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక నిబంధన మాత్రం 40, లేదా అదుపులో లేని షుగర్ వంటి తీవ్ర జబ్బులుంటే 35 అడుగుతుంది. మధ్యలో పడేవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవాల్సిందే.

చివరగా కళ్లు. హెచ్‌బీఏ1సీ ఒక్కసారిగా పడిపోయినప్పుడు పాత రెటీనా జబ్బు కొందరిలో ముదురుతుంది. ఆపరేషన్‌కైనా, కఠిన డైట్‌కైనా ముందు ఒకసారి రెటీనా పరీక్ష చేయించి, మందులు మానేసినా ఏటా చేయిస్తూనే ఉండాలి.